బ్యాంకాక్ చిరుతిళ్ళు: గుడ్డు ముట్టని అత్తమ్మ, పల్లీ పడని బాబు, పురుగులు తింటానంటున్న మా ఆయన

మలక్‌పేట కోడలు

వచ్చే నెల శంషాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాం. నలుగురం, ఐదు రోజులు. భోజనాల గురించి బెంగ లేదు, పాహురత్ వైపు మనవాళ్ళ హోటళ్ళు ఉన్నాయని తెలుసు. నా తంటా అంతా బళ్ళ మీద అమ్మే చిరుతిళ్ళతోనే. అంత దూరం పోయి సమోసాలు తిని రావడం ఇష్టం లేదు.

మా అత్తమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఉల్లి, వెల్లుల్లి పర్లేదు. మా ఆయన చికెన్, మటన్, చేప, రొయ్య తింటారు. పోర్క్, బీఫ్ వద్దు. వేయించిన పురుగులు మాత్రం రుచి చూసి తీరాలట! బాబుకి ఎనిమిదేళ్ళు. పల్లీ పడదు. తింటే దద్దుర్లు వస్తాయి, పెదాలు వాస్తాయి.

ఏవి ధైర్యంగా కొనొచ్చు, వేటికి దూరంగా ఉండాలి, బండి దగ్గర ఏమని అడగాలి, ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు? "వెజ్ అని చెప్తే వాళ్ళే ఇస్తారు" అని మాత్రం రాయకండి ప్లీజ్. అది అక్కడ నడవదని ఇప్పటికే చాలామంది చెప్పారు.

గుంతపొంగనం

అమ్మా, తేళ్ళూ మిడతలూ దూరం నుంచే కనిపిస్తాయి, వాటితో పేచీ లేదు. మనింట్లో చేసుకునేవాటిలా కనిపించేవే అక్కడ బోల్తా కొట్టిస్తాయి.

సగ్గుబియ్యం ఉండలు తీసుకోండి. ఆవిరి మీద ఉడికి అద్దంలా మెరుస్తుంటాయి, పైన వేయించిన వెల్లుల్లి చల్లి ఉంటుంది. పక్కన కొత్తిమీర, పచ్చిమిర్చి, ఒక ఆకుకూర పెడతారు. పేరు కూడా "సాఖూ", మన "సగ్గు"కి చుట్టమే. చూస్తే ఉపవాసం రోజు పలహారంలా ఉంటుంది. పూర్తి పేరు "సాఖూ సై మూ". మూ అంటే పంది. పంది కైమా, దంచిన పల్లీ, ఉప్పులో ఊరేసిన ముల్లంగి, తాటిబెల్లం కలిపి వేయించిన పూర్ణం లోపల ఉంటుంది. అత్తమ్మకి, మీ ఆయనకి, బాబుకి ముగ్గురికీ ఒకే ముద్దలో పడనిది అదే. ఆ పళ్ళెంలోనే రంగురంగుల బియ్యప్పిండి పొరలు మడిచి పెట్టినవి ఉంటాయి, "ఖావ్ క్రియప్ పాక్ మో" అంటారు. వాటి లోపలా ఇదే పూర్ణం.

రెండోది "ఖనోమ్ బుఅంగ్". అరచేతిలో సగం ఉండే కరకరలాడే దోశ, మధ్యకి మడిచి, లోపల తెల్లటి క్రీమ్, దాని మీద నారింజ రంగు తురుము. బియ్యప్పిండి, పెసరపిండి, సున్నపు తేట కలిపి పోస్తారు, ఆ సున్నపు తేట వల్లే అంత కరకర. ఆ తెల్ల క్రీమ్‌లో చాలాచోట్ల గుడ్డు తెల్లసొన గిలకొట్టి కలుపుతారు. పైన తురుము రెండు రకాలు, ఇక్కడే కళ్ళు తెరిచి చూడాలి. సన్నటి సేమియాలా పొడుగ్గా, బంగారు పసుపులో ఉంటే అది పచ్చసొనని పాకంలో దారంలా పోసిన "ఫోయ్ థోంగ్", తీపి. పొట్టి పొట్టిగా, కాషాయానికి దగ్గరగా, కొబ్బరి తురుములా ఉంటే అది రొయ్యపొడి కలిపిన కొబ్బరి, మిరియం ఘాటుతో ఉప్పగా ఉంటుంది. మీ ఆయన రెండూ తినొచ్చు. అత్తమ్మకి ఏదీ కుదరదు.

ఫోయ్ థోంగ్, థోంగ్ యిప్, థోంగ్ యోత్: బంగారు రంగులో మెరిసే ఈ స్వీట్లన్నీ గుడ్డు పచ్చసొనవే. "థోంగ్" అంటే బంగారం. 17వ శతాబ్దంలో అయుథయ రాజధానిగా ఉన్నప్పుడు పోర్చుగీసు వంటల నుంచి వచ్చినవి. మన కోవా, బూందీ రంగు చూసి మోసపోవద్దు.

మూడోది "మియంగ్ ఖమ్". తమలపాకు జాతి ఆకులో వేయించిన కొబ్బరి, అల్లం, చిన్న ఉల్లి, తొక్కతో సహా నిమ్మముక్క, పల్లీ, ఎండురొయ్య పెట్టి బెల్లం పాకం పోస్తారు. మీఠా పాన్ అనుకుని నోట్లో వేసుకుంటే అయిపోయినట్టే. రొయ్య, పల్లీ తీసేయించుకోవచ్చు గానీ పాకంలో కూడా రొయ్య ముద్ద కలుస్తుంటుంది, దాన్ని తీసేయలేరు.

బొప్పాయి సలాడ్ "సోమ్ తమ్" విషయంలోనూ అంతే. పచ్చి బొప్పాయి తురుము చూసి పచ్చికూర కదా అనుకుంటారు. చేప సాస్ లేనిదే అది సోమ్ తమ్ కాదు. పైగా ఎండురొయ్య, పల్లీ ఉంటాయి. "పూ ప్లా రా" రకంలో ఉప్పు పీత, పులియబెట్టిన చేప నీళ్ళు కూడా పోస్తారు.

ఇక తినేవి. అత్తమ్మకి నేనైతే మొదట "ఖనోమ్ ఖ్రోక్" పెట్టిస్తాను. అచ్చం మన గుంత పొంగనాల పెనమే, దాని మీదే పోస్తారు. అడుగు పొర బియ్యప్పిండి, పల్చటి కొబ్బరిపాలు, ఉప్పు. పై పొర చిక్కటి కొబ్బరిపాలు, పంచదార. అడుగు కరకరగా, పైన జున్నులా వణుకుతూ ఉంటుంది. తిరగేయరు, చెంచాతో లేపి రెండు సగాల్ని ముఖాముఖి అంటిస్తారు. పైన ఉల్లికాడ, మొక్కజొన్న, చామదుంప ముక్కల్లో ఏదో ఒకటి వేస్తారు. పల్లీ, గుడ్డు మామూలుగా ఉండవు. దీంతో ఒకే ప్రమాదం, లోపలి కొబ్బరిపాలు సలసల కాగుతూ ఉంటాయి. పైన వెచ్చగా ఉంది కదా అని బాబు నోట్లో పెట్టుకుంటే అంగిలి కాలుతుంది. పుల్లతో పొడిచి ఆవిరి పోనిచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. అలాగని డబ్బా మూత పెట్టి హోటల్ గదికి తెచ్చారంటే పావుగంటలో మెత్తబడి ముద్దయిపోతాయి.

"లూక్ చుప్" కూడా నిర్భయంగా కొనండి. వేలెడంత మామిడిపండు, మిరపకాయ, క్యారెట్, ఇలా బొమ్మల్లా ఉంటాయి. పొట్టు తీసిన పెసరపప్పు ఉడికించి కొబ్బరిపాలు, పంచదారతో దగ్గరికి చేసిన ముద్దే, అంటే మన పూర్ణమే. పైన మెరుపు జెలటిన్ వల్ల కాదు, సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వల్ల. బాబుకి మిరపకాయ బొమ్మ ఇచ్చి చూడండి.

తాటిచెట్టు తెలిసినవాళ్ళకి "ఖనోమ్ తాన్" చెప్పక్కర్లేదు. పండిన తాటిపండు గుజ్జు, బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి ఆవిరి మీద ఉడికించి, పైన కొబ్బరి తురుము చల్లుతారు. తాటికి పేరున్న ఊరు ఫెచ్చబురి, బ్యాంకాక్ మార్కెట్లలోనూ దొరుకుతుంది. మన ముంజలే అక్కడ పాకంలో వేసి, ఐసు కలిపి అమ్ముతారు.

వెదురు గొట్టంలో కాల్చిన జిగురు బియ్యం "ఖావ్ లామ్", అరిటాకులో పొట్లం కట్టి ఉడికించిన అరటిపండు–జిగురు బియ్యం "ఖావ్ తోమ్ మత్", చిన్న పింగాణీ గిన్నెల్లో ఉండే "ఖనోమ్ థువై" కూడా అత్తమ్మకి పనికొస్తాయి. ఈ థువై అడుగున తీపి, పైన ఉప్పు. మొదటిసారి తిన్నవాళ్ళు పాడైందేమో అని ఉమ్మేస్తారు. అది అంతే, కొబ్బరిపాలలో ఉప్పు వేయడం అక్కడి పద్ధతి. చెంచా అడుగు దాకా దించి రెండు పొరలూ కలిపి తినాలి. ఉప్పగా ఉంటే సరే, పుల్లగా ఉంటే మాత్రం పారేయండి. కొబ్బరిపాలు ఎండకి మధ్యాహ్నం దాటితే పులుస్తాయి. పొద్దున చేసి పేర్చినవి సాయంత్రం కొనొద్దు. అప్పటికప్పుడు పోసేవి ఎప్పుడైనా సరే.

అరటిపండు బజ్జీ పేరు "క్లువై ఖేక్". ఖేక్ అంటే అతిథి. మన దేశం వాళ్ళని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. బియ్యప్పిండి, కొబ్బరి, నువ్వులు కలిపిన పిండిలో ముంచి వేయిస్తారు. బండి మీద అరటి, చామ, చిలగడదుంప తప్ప ఇంకేం లేకపోతే నూనె కూడా శుభ్రమే అనుకోవచ్చు. పక్కనే చేప ఉండలు వేగుతుంటే అత్తమ్మని ముందుకు నడిపించండి.

మార్కెట్లంటే, పాతకాలపు పిండివంటలకి నాంగ్ లోయెంగ్, వారం మధ్యలో, పగటిపూట. శుభ్రంగా, తీరిగ్గా చూసి కొనాలంటే కాంఫేంగ్ ఫెత్ మెట్రో స్టేషన్ పక్కన ఓర్ టోర్ కోర్. రైతుల కోసం ప్రభుత్వ సంస్థ నడిపే మార్కెట్, మన రైతు బజార్‌కి పైకప్పున్న పెద్ద హాల్ కట్టినట్టు, ధరలు మాత్రం ఎక్కువే. సాయంత్రం హడావుడి కావాలంటే వాట్ మంగ్‌కోన్ స్టేషన్‌లో దిగితే యావరాత్, అంటే చైనాటౌన్ వీధి. ఇంకోటి, రోడ్డు పక్క బళ్ళు సోమవారం చాలావరకు పెట్టరు. తిండి తిరుగుడికి సోమవారం పెట్టుకోకండి.

చాదర్‌ఘాట్ చాయ్

మాటల సంగతి నేను చెప్తా.

"వెజిటేరియన్" అంటే బళ్ళవాళ్ళకి అర్థం కాకపోవచ్చు, అర్థమైనా మాంసం ముక్కలు తీసేసి చేప సాస్ పోసి ఇస్తారు. వాళ్ళ లెక్కలో చేప సాస్ అంటే మనకి ఉప్పు లాంటిది. అక్కడ రెండు మాటలున్నాయి. "మంగ్‌సవిరత్" అంటే మాంసం లేనిది. విడగొట్టి చూడండి, "మాంస విరతి", మన సంస్కృతమే. కానీ అందులో గుడ్డు, పాలు ఉండొచ్చు. రెండోది "జే". చైనా మూలాలున్న ఆచారం. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. అత్తమ్మకి ఈ రెండో మాటే వాడండి: "కిన్ జే". జే బండికి పసుపు జెండా ఉంటుంది, దాని మీద ఎర్రటి అక్షరం, మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. ఆ జెండా గుర్తుపట్టడం వస్తే సగం పని అయినట్టే. సెప్టెంబర్–అక్టోబర్‌లో తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, యావరాత్ వీధంతా పసుపు జెండాలే. మీరు వెళ్ళే నెల దాంతో కలుస్తుందేమో చూసుకోండి.

జే బండి మీద పంది ముక్కల్లా, బాతు మాంసంలా కనిపించేవి ఉంటాయి. సోయా, గోధుమ జిగురుతో చేసినవి. అత్తమ్మకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చూసి వెనక్కి తిరుగుతారు.

విడిగా అడగాలంటే "మై సై" అంటే "వేయొద్దు". మై సై నామ్ ప్లా, చేప సాస్ వద్దు. మై సై కుంగ్ హేంగ్, ఎండురొయ్య వద్దు. మై సై ఖై, గుడ్డు వద్దు. అరటిపండు రోటీ బండి దగ్గర ఈ చివరిది తప్పకుండా అనాలి. అడక్కపోతే గుడ్డు పగలగొట్టి మధ్యలో వేసేస్తారు. ఆ పిండిలోనే గుడ్డు కలిపేవాళ్ళూ ఉన్నారు కాబట్టి అత్తమ్మకి రోటీ వదిలేయడమే మేలు. మీ ఆయనకి బెంగ లేదు. ఆ బళ్ళు ఎక్కువగా ముస్లింలవి, పంది సోకదు.

మీ ఆయన కోసం: మై కిన్ మూ (పంది తినను), మై కిన్ నువా (బీఫ్ తినను). పుల్లలకి గుచ్చి అమ్మే ఉండలు "లూక్ చిన్" అన్నీ ఒకేలా ఉంటాయి, లేత బూడిద రంగు. లూక్ చిన్ ప్లా చేప, లూక్ చిన్ కుంగ్ రొయ్య. పేరు చివర మూ, నువా ఉన్నవి వద్దు. కమ్మటి వాసనతో పిలిచే "మూ పింగ్" పుల్లలు పందివే. గుండ్రటి సాసేజ్ దండలు "సై క్రోక్ ఇసాన్" కూడా పందే, అన్నం కలిపి పులియబెడతారు, పుల్లగా ఉంటాయి.

ప్రతి మాట చివర మగవాళ్ళు "ఖ్రప్", ఆడవాళ్ళు "ఖా" అనాలి. మర్యాద. ఒత్తు అక్షరాలు మనకి ఎలాగూ ఉన్నాయి, అదే మన అదృష్టం. "ఫ" అని రాసినచోట ఫలంలో ఫ లాగా పలకండి, ఫ్యానులో ఫ లాగా కాదు; ఒక్క "ఫోయ్ థోంగ్"లో మాత్రం ఫ్యానులో ఫ. ధర అడగడానికి "థావ్ రై". తీపి తక్కువకి "వాన్ నోయ్". వాళ్ళ చల్ల టీలో డబ్బా పాలు ధారాళంగా పోస్తారు, ఇరానీ చాయ్‌కి అలవాటు పడ్డ నాలుక్కి కూడా అది ఎక్కువే.

20 బాత్ నోట్లు దండిగా ఉంచుకోండి. పొద్దున్నే 1000 నోటు ఇస్తే చిల్లర ఉండదు.

బేగంపేట్ బొబ్బట్టు

పైన రాసినవన్నీ బాగున్నాయి గానీ పల్లీ సంగతిలో ఒక ప్రమాదం మిగిలిపోయింది. జే జెండా చూసి బాబుకి కూడా అక్కడే పెట్టేస్తారేమో, వద్దు. జే అంటే జంతువు లేనిదనే గానీ పల్లీ లేనిదని కాదు. మాంసం తీసేసిన చోట పల్లీ, టోఫు, పుట్టగొడుగు ఎక్కువగా పడతాయి. సాఖూ ఉండల జే రకంలో పంది ఉండదు గానీ పల్లీ మాత్రం అలాగే ఉంటుంది.

అక్కడ అనాల్సింది "మై సై" కాదు. అది ఇష్టాయిష్టాల మాట, తీసేసి ఇస్తారంతే. "ఫే థువా లిసోంగ్" అనాలి, అంటే పల్లీ పడదు, ఎలర్జీ. "థువా" ఒక్కటే అంటే అన్ని పప్పులూ వచ్చేస్తాయి, పెసర, అలసంద కూడా. "లిసోంగ్" కలపాలి. నోటిమాట మీద ఆధారపడకండి. థాయ్ లిపిలో ముద్రించిన ఎలర్జీ చీటీ నాలుగు కాపీలు పెట్టుకోండి: పల్లీ పడదు, కొద్దిగా తగిలినా ప్రమాదం, పల్లీ ముట్టిన రోలు, గరిట, నూనె వాడొద్దు. థాయ్ చదవగలిగినవాళ్ళతో ఒకసారి సరిచూపించుకుంటే మంచిది, యాప్ అనువాదంలో "వద్దు" ఎగిరిపోయిందంటే అర్థం తలకిందులవుతుంది.

తగిలే దారులు మూడు. ఒకటి రోలు. సోమ్ తమ్ బండి దగ్గర ఒకే మట్టి రోట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా దంచుతారు. పల్లీ లేకుండా చేయమన్నా ముందు దంచిన పలుకు అడుగునే ఉంటుంది. బాబుకి ఆ బండి మొత్తం నిషేధం. రెండు, చిలకరింపు. నూడుల్స్, సలాడ్ల మీద చల్లే పల్లీపొడి డబ్బా బల్ల మీదే ఉంటుంది, అదే చెంచా పంచదార డబ్బాలోకీ పోతుంది. మూడు, సాస్. సాతే (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం) పుల్లలతో ఇచ్చే చట్నీ పల్లీదే. మామిడి–జిగురు బియ్యం మీద చల్లే పసుప్పచ్చ పలుకులు మాత్రం వేయించిన పెసరపప్పు, పల్లీ కాదు. అయినా చీటీ చూపించి అడగండి.

ప్యాకెట్ల మీద ఎలర్జీ సమాచారం పదార్థాల పట్టిక కింద ముద్రిస్తారు. ఫోన్ కెమెరాతో అనువదించి చూడొచ్చు. సెవెన్ ఎలెవెన్ షాపుల్లో కొనే ప్యాకెట్ తిండి బాబుకి బండి తిండి కంటే నయం. అక్కడి వేడి శాండ్‌విచ్‌లలో హ్యామ్ ఉంటుంది, మీ ఆయనకి చెప్పండి.

డాక్టర్ రాసిచ్చిన మందు చేతిసంచిలో ఉండాలి, హోటల్ సూట్‌కేస్‌లో కాదు. పెదాల వాపు ఇదివరకే వచ్చింది కాబట్టి, ప్రయాణానికి ముందే అడ్రినలిన్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగండి. ఊపిరి బిగుసుకున్నా, వాంతులు మొదలైనా, మగతగా వాలిపోతున్నా ఆగి చూడొద్దు, 1669 అంబులెన్స్. భాష కష్టమైతే 1155, టూరిస్ట్ పోలీస్.

ఉసిళ్ళు ఫ్రై

పురుగుల దగ్గరికి ఎవరూ రాలేదేంటి? తొలకరికి ఉసిళ్ళు వేయించుకుని తినే ఊళ్ళు మనకీ ఉన్నాయి కదా భయ్యా, అంత ఆశ్చర్యం ఏముంది.

మీ ఆయన మొదలుపెట్టాల్సింది వెదురు పురుగుతో. "రోత్ దువన్" అంటారు, ఎక్స్‌ప్రెస్ రైలు అని అర్థం. తెల్లగా, అగ్గిపుల్లంత ఉంటుంది. పొడుగాటి కాళ్ళు, రెక్కలు, పెంకు లేవు కాబట్టి నోట్లో గుచ్చుకోదు. మొక్కజొన్న అటుకులు నమిలినట్టు ఉంటుంది. తర్వాత కీచురాయి, "చింగ్ రీత్". ఆ తర్వాత మిడత, "తక్కతేన్". మిడత వెనక కాళ్ళకి ముళ్ళుంటాయి, గొంతులో గీసుకుంటాయి. కాళ్ళు, రెక్కలు తుంచి పారేసి పొట్ట భాగం తినాలి. పట్టుపురుగు ప్యూపా "దక్ దే" లోపల పిండిగా, మట్టి వాసనతో ఉంటుంది. మొదటిరోజు దాని జోలికి పోవద్దు, మిగతావాటి మీద కూడా విరక్తి వస్తుంది. బొద్దింకలా నల్లగా కనిపించే పెద్దది "మేంగ్ దా", నీటి పురుగు. పెంకు విప్పి లోపలిది మాత్రమే తింటారు. తేళ్ళు ఫొటోల కోసం పెట్టినవి, రుచి లేదు, డబ్బు దండగ.

కొనేటప్పుడు చూడాల్సింది నూనె. అప్పుడే వేయించి, సోయా సాస్ చిలకరించి, మిరియాలపొడి వేసి ఇస్తుంటే కొనండి. మెరుపు పోయి, ముక్కవాసన వేస్తూ, గుట్టగా పోసి ఉన్నవి వద్దు. సరిగా నిల్వ చేయని పురుగుల్లో హిస్టమిన్ పేరుకుంటుంది, అది వేడికి పోదు. "మళ్ళీ వేయించి ఇస్తా" అన్నా లాభం లేదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, కడుపులో తిప్పడం వస్తే కారణం ఇదే కావచ్చు.

ముఖ్యమైన సంగతి: రొయ్య, పీత పడనివాళ్ళు పురుగులు తినకూడదు. ఎలర్జీ తెప్పించే ప్రోటీన్ రెండింటిలోనూ ఒకేలాంటిది. మీ ఆయన రొయ్య తింటారు కాబట్టి ఆ భయం తక్కువ. అయినా మొదట రెండు తిని, అరగంట ఆగి, అప్పుడు పొట్లం ఖాళీ చేయమనండి.

తినకుండా ఫొటో మాత్రం తీస్తే కొన్ని బళ్ళ దగ్గర డబ్బులడుగుతారు. బోర్డు రాసి పెట్టి ఉంటుంది, గొడవ పడకండి.

మలక్‌పేట కోడలు

అందరికీ చాలా థాంక్స్. సాఖూ సంగతి తెలియకపోతే అత్తమ్మకి మొదటి రోజే తినిపించేదాన్ని.

ఇంకో రెండు. అత్తమ్మకి షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. దురియన్ ఒక్క తొన అయినా తినాలంటున్నారు, పనసపండు ప్రాణం ఆవిడకి. రెండోది, ఐసు వేసిన పానీయాలు తాగొచ్చా?

ఉసిళ్ళు ఫ్రై

తొన మొత్తం కాదు, సగం. పనస కంటే దురియన్‌లో కొవ్వు చాలా ఎక్కువ, తీపీ ఎక్కువే. ఆ పూట అన్నమో, జిగురు బియ్యమో తగ్గించాలి. మామిడి–జిగురు బియ్యం, దురియన్ ఒకే రోజు పెట్టుకోవద్దు. మద్యం తాగేవాళ్ళు మద్యంతో కలిపి తినకూడదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పొటాషియం వల్ల అసలే వద్దు.

మొదటిసారికి "మోన్ థోంగ్" రకం అడగండి, వాసన తక్కువ, కండ ఎక్కువ. "చనీ" ఘాటు. కాయ మొత్తం కొంటే పెంకుతో తూచి డబ్బు కడతారు, అందుకని వలిచి ట్రేలో పెట్టినది ఒక్క తొన కొనుక్కోండి. వేలితో నొక్కితే వెన్నలా దిగబడాలి. గట్టిగా ఉంటే పచ్చి చిలగడదుంపే. కొన్నచోటే తినేయాలి. హోటల్‌కి, మెట్రోకి తీసుకుపోకూడదు, గీత కొట్టిన దురియన్ బొమ్మ తలుపు మీదే ఉంటుంది.

చాదర్‌ఘాట్ చాయ్

ఐసు: మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్కలైతే ఫ్యాక్టరీవి, పర్లేదు. పెద్ద దిమ్మ కొట్టి చూర చేసిన ఐసు పానీయంలో వద్దు. నీలం రంగు షర్బత్ చూసి బెదరకండి, అది శంఖుపుష్పం, "అంచన్". నిమ్మరసం పిండగానే ఊదాగా మారుతుంది, బాబుకి సరదా.

కోసిన జామ, మామిడి ముక్కలతో చిన్న పొట్లం ఇస్తారు, ఉప్పు, కారం, పంచదార కలిపింది. మన బండి మీద మామిడి ముక్కల ఉప్పుకారంలో పంచదార పడిందనుకోండి. అత్తమ్మకి అది ఇవ్వకుండా ముక్కలే ఇవ్వండి.

కడుపు చెడితే ఓఆర్‌ఎస్ పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది. అర్ధరాత్రి దొరక్కపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు. చాలామందికి కడుపు చెడేది కలుషితమైన తిండి, నీళ్ళ వల్ల. మొదటిరోజే కొబ్బరిపాలు, కారం, నూనె మూడూ కలిపి దట్టించినా ఇబ్బందే.

గుంతపొంగనం

అత్తమ్మకి ఆ ఉప్పు–తీపి నచ్చుతుందో లేదో ఇక్కడే చూసుకోవచ్చు. గుంత పొంగనాల పెనం ఇంట్లో ఉంది కదా.

పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి, గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి పిండండి. మొదటి పాలు ఒక కప్పు విడిగా, రెండోసారి పిండిన పల్చటి పాలు కప్పున్నర విడిగా. అడుగు పొరకి బియ్యప్పిండి కప్పు, రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల కొబ్బరి తురుము, అర టీ స్పూన్ ఉప్పు, పల్చటి పాలు వేసి మిక్సీలో తిప్పి అరగంట ఉంచండి. రవ్వ దోశ పిండిలా జారాలి. మామూలు దోశ పిండిలా చిక్కగా ఉంటే రబ్బరులా సాగుతాయి, జనం ఎక్కువగా తప్పేది ఇక్కడే. పై పొరకి చిక్కటి పాలలో మూడు చెంచాల పంచదార, పావు టీ స్పూన్ ఉప్పు, ఒక చెంచా బియ్యప్పిండి. ఆ బియ్యప్పిండి లేకపోతే పాలు విరిగినట్టయి నూనె తేలుతుంది.

ఇనప పెనం బాగా కాలాలి, గుంటలో నూనె రాసి పిండి చుక్క వేస్తే చుయ్యిమనాలి. చల్లగా ఉండగా పోస్తే అంటుకుంటుంది, ఇక చెంచాతో గోకినా రాదు. గుంటలో మూడింట రెండొంతులు అడుగు పిండి. నిమిషానికి అంచు తెల్లబడుతుంది, అప్పుడు పైన పాలు నిండుగా పోసి మూత. మధ్య మంట మీద మూడు నిమిషాలు. మూత లేకపోతే పైన పచ్చిగా ఉంటుంది, ఐదు నిమిషాలు దాటితే పైన గట్టిపడి ఆ వణుకు పోతుంది. తిప్పొద్దు. నాన్‌స్టిక్ మీద వస్తాయి గానీ ఆ కరకర రాదు.

బేగంపేట్ బొబ్బట్టు

తెచ్చుకునేవాటి గురించి ఎవరూ చెప్పలేదు.

ఎండు మామిడి, చింతపండు బిళ్ళలు, దురియన్ చిప్స్, నాచు రేకులు వస్తాయి. నాచు రేకుల్లో రొయ్య, స్క్విడ్ రుచులుంటాయి, జే గుర్తు ఉన్న ప్యాకెట్ చూసి తీసుకోండి. చుట్టల్లా ఉండే కొబ్బరి వేఫర్లు "థోంగ్ ముఅన్"లో గుడ్డు ఉంటుంది. లూక్ చుప్ ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు, ఆఫీసు వాళ్ళకని కొనొద్దు. ఖనోమ్ బుఅంగ్ విమానం ఎక్కేలోపే మెత్తబడుతుంది. మిరప ముద్దలు, సాస్ సీసాలు 100 మి.లీ. దాటితే చేతిసంచిలో రానివ్వరు, చెక్‌ఇన్‌లో మూతకి టేప్ చుట్టి పెట్టండి. తాజా పళ్ళు, మొక్కలు, మాంసం పదార్థాలు వద్దు, క్వారంటైన్ చిక్కులు.

చివరిది, అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. 2022 జూన్‌లో థాయ్‌లాండ్ గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది, తర్వాత మళ్ళీ బిగించారు. బిస్కెట్లు, జెల్లీలు, కూల్‌డ్రింకుల రూపంలో గంజాయి కలిపినవి షాపుల్లోకి వచ్చింది అలాగే. ప్యాకెట్ మీద వేళ్ళు విచ్చుకున్నట్టుండే ఆకు బొమ్మ ఉంటుంది. పిల్లల జెల్లీల్లాగే రంగురంగులుగా ఉంటాయి, బాబు చేతికి అందకుండా చూడండి. అలాంటిది ఒక్క ప్యాకెట్ పొరపాటున సంచిలో వచ్చినా శంషాబాద్‌లో 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద కేసు. ఎవరైనా "ఇది మావాళ్ళకి ఇచ్చెయ్యండి" అని స్వీట్ల డబ్బా చేతిలో పెడితే, ఎంత తెలిసినవాళ్ళైనా తీసుకోకండి.